వేసవిలో కుక్కలను కిందికి దించే వేళల గురించి మన నిర్వాహక కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహక కమిటీ అధ్యక్షులకు, కార్యదర్శికి, సభ్యులకు నమస్కారాలు.

గత వారం మెట్ల దగ్గరి బోర్డు మీద మీరు అంటించిన నోటీసును రెండుసార్లు చదివాను. ఈ వేసవి ముగిసేదాకా కుక్కలను ఉదయం 7 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6 వరకు మాత్రమే కిందికి దించాలని, గేటు పక్కనున్న నీళ్ల తొట్టెను తీసివేస్తున్నామని, కుక్కలతో ఎవరూ లిఫ్టు ఎక్కరాదని అందులో ఉంది. ఈ మూడింటి వెనుకా ఎవరో ఒకరి ఫిర్యాదు ఉందని నాకు తెలుసు. ఆ ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవేనని కూడా ఒప్పుకుంటాను. అయితే మొదటి నియమం వల్ల, మీ ఉద్దేశం ఏదైనా, మన సముదాయంలోని కుక్కలన్నీ నేల ఇంకా పెనంలా కాలుతున్న సమయంలోనే రోడ్డెక్కవలసి వస్తోంది. దాన్ని మార్చమని అడగడానికే ప్రధానంగా ఈ లేఖ రాస్తున్నాను.

నోటీసు వచ్చిన మూడో రోజు సాయంత్రం ఐదుంపావుకు నేను చుక్కను కిందికి దించాను. చుక్క తొమ్మిదేళ్ల ఆడకుక్క. ఏ జాతి అని అడిగితే చెప్పలేను, గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ, ఇరవై కిలోల బరువు. గేటు దాటి తారు రోడ్డు మీద ఇరవై అడుగులు వేసిందో లేదో, ముందరి కుడికాలు ఎత్తి పట్టుకుంది. ముల్లు గుచ్చుకుందేమోనని వంగి చూడబోతే ఆ కాలు దించి ఎడమకాలు ఎత్తింది, మరుక్షణం మళ్లీ మార్చింది. మొండికేస్తోందనుకుని బెల్టు పట్టుకుని లాగాను. అలవాటైన మలుపు దాకా నడిపించి, దాని పని కానిచ్చి, వెనక్కి తీసుకొచ్చాను. ఇంట్లోకి వచ్చాక గచ్చు మీద చిన్న చిన్న తడి మరకలు కనిపిస్తే కాలు ఎత్తి చూశాను. అరికాలి మెత్త మీద నల్లని పైపొర సగం లేచిపోయి, కింద గులాబీ రంగు పచ్చి చర్మం బయటపడి ఉంది. ఆ రాత్రి తెల్లవార్లూ ఆ కాలు నాకుతూనే ఉంది, ఆ చప్పుడుకు నాకూ నిద్ర లేదు. నేలను చేత్తో తాకి చూడకుండా బయలుదేరడం నా తప్పే, అది మీ మీద వేయడం లేదు. కాకపోతే ఆ వేళ దాటితే కుదరదన్న నియమం లేకుంటే నేను ఆ ఎండలో బయలుదేరేవాణ్నీ కాదు.

వేళలు నిర్ణయించేటప్పుడు మీరు గాలి వేడిని లెక్కలోకి తీసుకుని ఉంటారు. మధ్యాహ్నం వదిలేసి, సాయంత్రమైతే చల్లబడుతుంది కదా అని 4 గంటలు పెట్టి ఉంటారు. చెప్పులు వేసుకుని నడిచే మనకు ఆ లెక్క సరిపోతుంది. నేల లెక్క వేరు. నేరుగా ఎండ పడే నల్లని తారు, గాలి 25 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉన్న రోజున కూడా 50 డిగ్రీలు దాటగలదు, గాలి 30 డిగ్రీలు దాటినప్పుడు అది 57 నుంచి 60 డిగ్రీల దాకా వెళ్లగలదు. 60 డిగ్రీల వస్తువును కొద్ది సెకన్లు తాకితే చాలు, మనిషి చర్మం కాలుతుంది. పైగా తారు, సిమెంటు పొద్దుటినుంచి మింగిన వేడిని ఎండ తగ్గగానే వదిలిపెట్టవు, పొద్దుగూకిన తర్వాత కూడా గంటల తరబడి మెల్లగా కక్కుతూ ఉంటాయి. అందువల్ల సాయంత్రం 5 గంటలకు గాలి మన ముఖానికి కొంచెం హాయిగా తగిలినా, అదే క్షణంలో కుక్క కాలికింద ఉన్నది మధ్యాహ్నపు నేలే. కుక్క ముఖం, కడుపు కూడా ఆ నేలకు జానెడు మూరెడు ఎత్తులోనే ఉంటాయి కాబట్టి, దానికి తగిలే గాలి కూడా మనకు తగిలే గాలి కన్నా వేడిగానే ఉంటుంది. పొట్టి కాళ్ల కుక్కల సంగతి చెప్పనక్కరలేదు.

ఇక ఆ వేడిని వదిలించుకునే దారి కుక్కకు మనకున్నంత విశాలంగా లేదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా అరికాళ్ల దగ్గరే ఉంటాయి, వాటివల్ల ఒరిగేది చాలా తక్కువ. నోరు తెరిచి, నాలుక చాపి వగర్చడమే దాని అసలు సాధనం. నాలుక మీద, నోటి లోపల, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరైపోతూ రక్తాన్ని చల్లబరుస్తుంది. ఒక విధంగా చూస్తే ఉక్కపోత కన్నా ఇలాంటి పొడి ఎండే కుక్కకు నయం, ఎందుకంటే పొడి గాలిలో తడి త్వరగా ఆవిరవుతుంది. కానీ ఆ ఆవిరయ్యే నీళ్లు దాని ఒంట్లోనివే. తాగడానికి నీళ్లు అందుతున్నంతసేపే ఆ సాధనం పనిచేస్తుంది. కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత దాదాపు 38.3 నుంచి 39.2 డిగ్రీల వరకు ఉంటుంది, 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయమే. రెండింటికీ మధ్య ఉన్నది రెండు డిగ్రీల దూరం.

కాలు పుండైన తర్వాత నేను చేసిన పని ఒకటి చెబుతాను. వరుసగా ఆరు రోజులు, వేరువేరు వేళల్లో గేటు బయట తారు మీద అరచేతి వెనుక భాగం ఆనించి లెక్క పెట్టాను. ఏడు అంకెలు లెక్కించేదాకా చేయి తీయకుండా ఉండగలిగితే కుక్క నడవవచ్చు, లేకపోతే నడవకూడదు అన్నది కుక్కలున్నవాళ్లకు తెలిసిన మోటు పరీక్ష. సాయంత్రం 4 గంటలకు మూడు దాటలేకపోయాను. 6 గంటలకు అయిదు దాకా ఓర్చుకున్నాను. రాత్రి 8 దాటాక ఇబ్బంది లేకుండా ఏడు వచ్చింది. తెల్లవారుజామున అయిదున్నరకు నేల చల్లగా తగిలింది, ఉదయం ఏడున్నరకు గోరువెచ్చగా మారింది, తొమ్మిదికి ఒక్క రోజు కూడా ఏడు దాకా రాలేదు. అంటే మీరు అనుమతించిన నాలుగు గంటల్లో సాయంత్రపు రెండు గంటలూ పనికిరావు, ఉదయపు రెండు గంటల్లో కూడా మొదటి భాగమే పనికొస్తుంది. అందుకే ఈ వేసవి మూడు నెలలూ ఉదయం 5 నుంచి 7.30 వరకు, రాత్రి 8 నుంచి 10.30 వరకు వేళలు మార్చమని కోరుతున్నాను. మధ్యలో ముసలి కుక్కలు, జబ్బున్న కుక్కలు మూత్రానికి ఒక్కసారి దిగవలసి వస్తే, సెల్లార్ వెనుక నీడలో ఉన్న మట్టి జాగాలో అయిదు నిమిషాలు అనుమతించండి.

తెల్లవారుజామున, రాత్రి పూట కుక్కలు దిగితే మొరుగుతాయని, నిద్రలు పాడవుతాయని రెండో బ్లాకు నుంచి ఫిర్యాదు ఉందని విన్నాను. అది నిజమే. కొట్టిపారేయలేను. రెండు కుక్కలు ఒకేసారి గేటు దగ్గర ఎదురుపడితే మొరుగుతాయి. దానికి మేం చేయగలిగింది ఉంది. కుక్కలున్న ఇళ్లు మన దగ్గర పదకొండు. ఎవరు ఏ వేళకు దిగాలో పావుగంట తేడాతో మేమే ఒక వరుస రాసుకుంటాం, మొరిగే అలవాటున్న రెండు కుక్కలను వెనుక గేటు నుంచి తీసుకువెళతాం. ఆ వరుస తప్పినవాళ్ల పేరు బోర్డు మీద రాసినా మాకు అభ్యంతరం లేదు. పగలంతా నాలుగు గోడల మధ్య ఉండి, కాలు సాగని కుక్క ఇంట్లో మొరిగే మొరుగుడు దీనికన్నా ఎక్కువని కింది అంతస్తుల వాళ్లకు ఈ వారంలో తెలిసే ఉంటుంది.

వాసన గురించిన ఫిర్యాదులో మా తప్పు ఇంకా ఎక్కువ. మిగతా కాలాల్లో వాన కడిగేసేది ఇప్పుడు కడగదు. స్తంభాల మొదట్లో, స్కూటర్ల చక్రాల దగ్గర పడిన మూత్రం ఎండకు ఇంకిపోయి, పొరలు పొరలుగా పేరుకుని, మధ్యాహ్నానికి ముక్కు బద్దలయ్యే ఘాటుగా లేస్తోంది. సెల్లార్‌లో నాలుగో స్తంభం దగ్గర నిలబడితే నాకే తల తిరిగింది. ఇకనుంచి కుక్కతో దిగే ప్రతి మనిషి చేతిలో ఒక సీసా నీళ్లు ఉండాలని, ఎక్కడ తడిపితే అక్కడ వెంటనే పోయాలని మాలో మేం అనుకున్నాం. కూరలు కడిగిన నీళ్లయినా సరిపోతాయి, కొత్త నీళ్లు అక్కరలేదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి తొట్టె గురించి. నీటి ఎద్దడిలో కుక్కలకు నీళ్లు పెట్టడం ఏమిటని సమావేశంలో ఒక పెద్దాయన అడిగారట. ఆ ప్రశ్నకు కోపం రాదు, కానీ లెక్క చెప్పాలనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మామూలు రోజుల్లో కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. చుక్కకు అది లీటరు పైచిలుకు. ఈ ఎండల్లో అది రెట్టింపయినా రెండున్నర లీటర్లు దాటదు. మా ఇంట్లో పొద్దున్నే నింపే లీటరు గిన్నె చలికాలంలో రాత్రి దాకా ఉండేది, ఇప్పుడు పదకొండు గంటలకే అడుగు కనిపిస్తోంది. గేటు దగ్గరి తొట్టెలో పట్టేది పది లీటర్లు. దారినపోయే కుక్కలు, పిల్లులు, కాకులు, ఉడతలు, అన్నీ తాగినా రోజుకు అదే. పైపు పెట్టి ఒక్క కారు కడిగితే వంద లీటర్లకు పైగా పోతుంది. నోటీసులో కార్ల గురించి ఒక్క మాట కూడా లేకపోవడం నాకు కొంచెం వింతగా అనిపించింది.

తొట్టె వల్ల దోమలు పెరుగుతాయన్న మాట వేరు, అందులో పస ఉంది. నిలవ ఉన్న నీటిలో గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వారం పది రోజులు పడుతుంది, కొన్ని రకాల దోమల గుడ్లు తొట్టె గోడకు అంటుకుని నీళ్లు ఎండిపోయినా బతికే ఉంటాయి. కాబట్టి పైపైన నీళ్లు నింపుకుంటూ పోతే సరిపోదు, తొట్టెను రోజూ వంచి, లోపలి గోడను పీచుతో రుద్ది, మళ్లీ నింపాలి. ఇన్నాళ్లూ మేం నింపామే గానీ రుద్దలేదు, లోపల పచ్చటి పాచి కట్టింది నేనూ చూశాను. ఆ పని వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇల్లు చేసేలా పంచుకున్నాం, వాచ్‌మన్ మీద వేయం. తొట్టెను గేటు పక్క ఎండలో కాకుండా గోడ నీడలోకి జరిపితే చాలు. ఎండలో కాగిన నీళ్లను కాకి కూడా ముట్టదు.

లిఫ్టు గురించి ఎక్కువ వాదించను. బలంగా ఉన్న కుక్కలు మెట్లు దిగుతాయి, దిగాలి కూడా. కానీ ఆరో అంతస్తులో ఉన్న పద్నాలుగేళ్ల కుక్కకు వెనుక కాళ్లు పట్టు తప్పాయి, దాన్ని ఎత్తుకుని దించే ఆవిడకు అరవై ఏళ్లు దాటాయి. అలాంటి వాటికి మినహాయింపు ఇవ్వండి. లిఫ్టులో పిడుదు కనిపించిందన్న ఫిర్యాదు మాత్రం తీసిపారేయవలసింది కాదు. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు పొడిగా, వేడిగా ఉండే చోట కూడా నిక్షేపంగా బతుకుతుంది, ఇంటి గోడల పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో గుడ్లు పెడుతుంది, ఒక్కో ఆడ పిడుదు వేల గుడ్లు పెట్టగలదు. గత నెలలో మా పక్కింటి తలుపు పైన గోడ మీద పాకుతున్నది మా చుక్క నుంచి వచ్చిందేనని నా అనుమానం. కుక్కకు మందు వేయించి, గోడ పగుళ్లు పూడ్పించాను, పక్కింటివాళ్లకు క్షమాపణ కూడా చెప్పుకున్నాను. కుక్కకు మందు వేయించిన తేదీని ప్రతి ఇల్లూ కమిటీకి రాసివ్వాలని మీరు నియమం పెడితే మేం పాటిస్తాం. మెట్లెక్కే కుక్క నుంచి కూడా పిడుదు రాలుతుంది కాబట్టి లిఫ్టు నిషేధం కన్నా ఆ నియమమే ఎక్కువ పనిచేస్తుంది.

మరొక విన్నపం ఉంది, అది నోటీసులో లేని విషయం. తోట పక్కనున్న కుళాయికి ఈ వేసవిలో తాళం వేశారు. నీళ్లు వృథా కాకూడదని వేశారు, సరే. ఆ తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఎప్పుడూ ఉండేలా చూడండి. పోయిన వేసవిలో రెండో అంతస్తువాళ్ల ముసలి లాబ్రడార్ గేటు లోపల కూలబడిపోయిన సాయంత్రం మీలో కొందరు అక్కడే ఉన్నారు. అంతకుముందు పది నిమిషాలుగా అది అదుపు లేకుండా వగరుస్తోంది, చొంగ తీగలా సాగుతోంది, చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి, అడుగులు తూలుతున్నాయి. అవన్నీ వడదెబ్బ గుర్తులని ఆ సమయంలో ఎవరికీ తట్టలేదు. ఎవరో మంచి మనసుతో తడి తువ్వాలు తెచ్చి ఒళ్లంతా కప్పారు. కప్పిన తువ్వాలు కాసేపటికే ఒంటి వేడికి వెచ్చబడి, లోపలి వేడిని బయటకు పోనివ్వకుండా దుప్పటిలా పట్టి ఉంచుతుంది. చేయవలసింది నీడకు చేర్చి, ఒళ్లంతా ధారగా నీళ్లు పోసి, విసరడం. ఒట్టి ఫ్యాను గాలి పొడి ఒంటి కుక్కకు పెద్దగా ఉపయోగపడదు, తడిసిన ఒంటికి మాత్రం అదే ప్రాణం నిలుపుతుంది. స్పృహ తప్పినదాని నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే బండెక్కించి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లడం. ఆ రోజు మనం దీన్ని తలకిందులు చేశాం. కుళాయి తాళంచెవి కోసం ఇద్దరు పరుగెత్తారు, ఆలోగా దాన్ని అలాగే కారులోకి ఎక్కించారు. అది బతికింది, కానీ మూత్రపిండాలు దెబ్బతిని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. లేచి నిలబడింది కదా అని ఇంట్లోనే ఉంచేసినా ప్రమాదమే, లోపలి అవయవాల దెబ్బ తర్వాత బయటపడవచ్చు.

ఈ లేఖను కుక్కలున్న మిగతా పది ఇళ్లవాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్లకు రెండు మాటలు ఇక్కడే చెబుతాను, కమిటీవారు మన్నించాలి. బ్రిటన్‌లో 2016లో పశువైద్యశాలలకు వచ్చిన తొమ్మిది లక్షలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలిస్తే, వేడి వల్ల జబ్బుపడిన వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆటల వల్లో, పరుగు, నడకల వల్లో జబ్బుపడినవే, అలా వేడికి దెబ్బతిన్న ప్రతి ఏడింటిలో ఒకటి చనిపోయింది. అంటే వాటిని ఎండలో వదిలేసిన పాషాణ హృదయులెవరో కాదు, ప్రేమగా బంతి విసిరినవాళ్లే ఎక్కువమంది. కుక్క చాలించదు. మీరు విసిరినంతసేపూ అది తెస్తూనే ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలున్నవాళ్లు ఈ మూడు నెలలూ బంతిని బీరువాలో పెట్టేయండి, వాటి ఇరుకు ముక్కు, గొంతుల్లోంచి గాలి ఆడడమే కష్టం, వగర్చడానికే వాటి బలం సగం ఖర్చవుతుంది. రెండు పొరల బొచ్చున్న కుక్కలకు గుండు గీయించకండి, దువ్వి లోపలి పొర పలచబరచండి. అయిదు నిమిషాల పనేనని కుక్కను కారులో ఉంచి దిగకండి. కారు అద్దాలు కొంచెం దించినా తేడా ఉండదని, లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగితే అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూపించారు.

ఈ మధ్యాహ్నం ఇది రాస్తుండగా చుక్క స్నానాల గదిలో గచ్చుకు కడుపు ఆనించి, నాలుగు కాళ్లూ చాపి పడుకుని ఉంది. ఇరవై నిమిషాలకోసారి లేచి అడుగు దూరం జరిగి మళ్లీ పడుకుంటుంది. అది పడుకున్న చోట చేయి పెట్టి చూశాను, నేల వెచ్చబడింది. పక్కన చల్లగా ఉంది. తనకు కావలసినది తాను వెతుక్కోగలిగినంత మేర వెతుక్కుంటోంది. ఏ వేళకు రోడ్డు మీదికి వెళ్లాలన్నది మాత్రం దాని చేతిలో లేదు.

వచ్చే ఆదివారం సమావేశం సాయంత్రం 5 గంటలకు అని నోటీసులో చూశాను. చర్చ మొదలుపెట్టే ముందు సభ్యులందరూ ఒక్కసారి గేటు బయటికి వచ్చి, తారు మీద చేతి వెనుక భాగం ఆనించి, ఏడు దాకా లెక్కపెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను. లెక్క పూర్తయితే వేళల గురించి నా విన్నపాన్ని ఉపసంహరించుకుంటాను. పూర్తికాకపోతే మార్చిన వేళలతో కొత్త నోటీసు ఆ సాయంత్రమే అంటించండి. వేళల వరుస, తొట్టె వరుస రాసిన కాగితాలు రెండూ నేను పట్టుకొస్తాను.

ఇట్లు,
మూడో అంతస్తు నుంచి,
చుక్క ఇంటి మనిషి